ప్రవాస తెలుగువారి డిపాజిట్లు: విత్‌హోల్డింగ్ ట్యాక్స్ తగ్గే నాలుగు దారుల్లో ఏది ఎవరికి?

భారత్‌లో వచ్చే ఆదాయాన్ని వేసుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో ఏడాదికి మూడు లక్షల రూపాయల వడ్డీ వచ్చే ప్రవాస భారతీయుడి చేతికి అందేది 2,06,400 రూపాయలే. మిగతా 93,600 రూపాయలను, అంటే 30 శాతం పన్నును, దానిపై 4 శాతం సెస్సును కలిపి మొత్తం 31.2 శాతాన్ని బ్యాంకు మూలం వద్దే కోసి ప్రభుత్వానికి జమ చేస్తుంది. విత్‌హోల్డింగ్ ట్యాక్స్ అన్నా, టీడీఎస్ అన్నా ఈ కోతే. విదేశంలో సంపాదించి పంపిన సొమ్మును అదే బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌గా పెట్టిన మనిషికి మాత్రం ఒక్క రూపాయి కూడా కోత పడదు. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. విదేశీ సొమ్ము దేశంలోని ఆర్థిక సంస్థల్లోకి రావాలని ప్రభుత్వం ఎక్కడెక్కడ కోరుకుందో అక్కడక్కడ ఈ కోతను తగ్గిస్తూ, కొన్నిచోట్ల పూర్తిగా ఎత్తివేస్తూ వచ్చింది. ఫలితంగా ఈరోజు డల్లాస్‌లోనో దోహాలోనో ఉన్న తెలుగు కుటుంబం ముందు నాలుగు దారులున్నాయి: ఎన్‌ఆర్‌ఈ రూపాయి డిపాజిట్, ఎఫ్‌సీఎన్‌ఆర్ విదేశీ కరెన్సీ డిపాజిట్, గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ బ్యాంకు శాఖలో డిపాజిట్, రెండు దేశాల మధ్య ఉన్న పన్నుల ఒప్పందం కింద కోత తగ్గించుకున్న ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్.

ఈ నాలుగింటిలో ఏది మంచిదని అడిగితే చాలామంది వడ్డీ రేటు చూసి, టీడీఎస్ ఉందా లేదా చూసి జవాబు చెప్పేస్తారు. ఆ రెండూ సరిపోవు. భారతదేశం వదులుకున్న పన్ను మీ జేబులోనే మిగులుతుందా, లేక మీరు నివసించే దేశపు ఖజానాకు చేరుతుందా అన్నది తేలకుండా ఏ దారి మేలో చెప్పలేం. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలన్నీ మారినందువల్ల, పాత సంఖ్యలతో అయోమయం కలగకుండా వాటిని వీలైనంత వరకు పక్కన పెట్టాను.

కోత ఎందుకు తగ్గిస్తారు?

దీని వెనుక ఉన్న లెక్క తెలిస్తే ఏ రాయితీ నిలుస్తుందో, ఏది నిలవదో అంచనా వేయడం సులువవుతుంది. విత్‌హోల్డింగ్ ట్యాక్స్ పడేది లాభం మీద కాదు, చెల్లించిన మొత్తం మీద. ఒక విదేశీ బ్యాంకు 6 శాతానికి డబ్బు సమీకరించి మన దేశంలోని కంపెనీకి 7 శాతానికి వంద కోట్లు అప్పు ఇచ్చిందనుకుందాం. దానికి వచ్చే వడ్డీ ఏడు కోట్లు, అయ్యే ఖర్చు ఆరు కోట్లు, మిగిలేది ఒక కోటి. ఆ ఏడు కోట్ల మీద 20 శాతం కోస్తే పన్నే కోటీ నలభై లక్షలవుతుంది, అంటే మిగిలే లాభం కంటే ఎక్కువ. అందువల్ల ఆ బ్యాంకు అప్పు ఇవ్వడం మానుకుంటుంది, లేదా పన్ను భారాన్ని అప్పు తీసుకున్నవారి మీదే వేసి 8.75 శాతం వడ్డీ అడుగుతుంది. యంత్రాలు అమ్మేవారికి, సాఫ్ట్‌వేర్ అమ్మేవారికి మార్జిన్ ఎక్కువ కనుక ఈ దెబ్బ కొంత తట్టుకోగలరు. ఆర్థిక సేవల్లో మార్జిన్ పలచన కాబట్టి అక్కడ మూలం వద్ద కోత పెట్టుబడినే ఆపేస్తుంది.

దీన్ని పశ్చిమ జర్మనీ చాలా త్వరగా నేర్చుకుంది. 1989 జనవరి 1న వడ్డీ మీద 10 శాతం విత్‌హోల్డింగ్ ట్యాక్స్ అమల్లోకి తెచ్చింది. దాని గురించి ప్రకటన వెలువడినప్పటి నుంచే జర్మన్ల పొదుపు సరిహద్దు దాటి లక్సెంబర్గ్ బ్యాంకులకు తరలడం మొదలైంది. ఆరు నెలలు తిరగకుండానే, 1989 జూలై 1 నుంచి ఆ పన్నును రద్దు చేయాల్సి వచ్చింది. అమెరికా అంతకు ముందే, 1984లో, విదేశీయులు కొనే బాండ్ల వడ్డీ మీద ఉన్న 30 శాతం కోతను చాలావరకు ఎత్తివేసింది. దక్షిణ కొరియా 2009లో ప్రభుత్వ బాండ్లపై విదేశీయులకు మినహాయింపు ఇచ్చి, 2011లో వెనక్కి తీసుకుని, అంతర్జాతీయ బాండ్ సూచీలో చోటు కోసం 2022లో మళ్లీ ఇచ్చింది.

మన దేశం కూడా ఇలాగే ఊగిసలాడింది. విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు కొనే ప్రభుత్వ సెక్యూరిటీలు, కంపెనీల రూపాయి బాండ్ల వడ్డీపై 2013 జూన్ నుంచి కోతను 5 శాతానికి తగ్గించారు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, చివరికి 2023 జూన్ 30తో ఆ రాయితీని ముగియనిచ్చారు. మరుసటి రోజు నుంచి రేటు తిరిగి 20 శాతానికి, సర్‌చార్జి, సెస్సు అదనంగా, చేరింది. విచిత్రమేమిటంటే, సరిగ్గా ఏడాది తర్వాత, 2024 జూన్ 28న, మన ప్రభుత్వ బాండ్లు జేపీ మోర్గాన్ వర్ధమాన దేశాల సూచీలో చేరాయి. గిఫ్ట్ సిటీ ఎక్స్ఛేంజీల్లో నమోదయ్యే బాండ్లకు 4 శాతంగా ఉన్న కోత కూడా 2023 జూలై 1 తర్వాత జారీ అయినవాటికి 9 శాతమైంది.

ఈ చరిత్ర మామూలు డిపాజిటరుకు ఎందుకంటే, గడువుతో వచ్చే రాయితీకి, చట్టంలో శాశ్వత మినహాయింపుగా ఉన్నదానికి, రెండు దేశాల మధ్య ఒప్పందంలో రాసుకున్నదానికి మన్నికలో చాలా తేడా ఉంటుంది. ఒప్పందాన్ని మార్చాలంటే రెండో దేశమూ ఒప్పుకోవాలి. గడువు రాయితీ మాత్రం ఒక బడ్జెట్‌లో ప్రస్తావన లేకపోయినా చాలు, పోతుంది.

ముందుగా చూడవలసినవి

అన్నిటికంటే ముందు చూడవలసింది మీరు ఏ దేశపు పన్ను నివాసి అన్నది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలు తమ నివాసుల ప్రపంచ ఆదాయం మొత్తం మీద పన్ను వేస్తాయి. భారతదేశంలో కట్టిన పన్నును అక్కడి పన్నులోంచి మినహాయిస్తాయి. ఒక లక్ష రూపాయల వడ్డీ మీద లెక్క వేద్దాం. అమెరికాలో 24 శాతం శ్లాబులో ఉన్నవారికి ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ మీద భారత్‌లో సున్నా, అమెరికాలో 24,000, మొత్తం 24,000. ఒప్పందం ప్రకారం 15 శాతం కోత పడిన ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ మీద భారత్‌లో 15,000, అమెరికాలో ఆ పదిహేను వేలు మినహాయించి 9,000, మొత్తం మళ్లీ 24,000. రెండు దారుల్లోనూ మదుపరి చేతినుంచి పోయేది ఒకటే. ఎన్‌ఆర్‌ఈలో భారత్ వదులుకున్న పదిహేను వేలు వాషింగ్టన్ ఖజానాకు చేరాయి, అంతే. అదే మనిషి దుబాయ్‌లోనో దోహాలోనో ఉంటే అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు కాబట్టి భారత్ వదులుకున్న ప్రతి రూపాయీ అతనికే మిగులుతుంది.

రెండోది కరెన్సీ. డాలరు 2014 మధ్యలో 60 రూపాయల దగ్గర ఉండేది, 2024 మధ్యలో 83 దాటింది. ఏడాదికి సగటున మూడు శాతానికి పైగా రూపాయి కరిగిందన్న మాట. 7 శాతం వచ్చే రూపాయి డిపాజిట్ డాలర్లలో చూసుకుంటే ఆ పదేళ్లలో సుమారు మూడున్నర శాతమే ఇచ్చింది. అయితే ఆ డబ్బుతో చివరికి విజయవాడలో ఫ్లాట్ కొనేవారికి ఈ లెక్కతో పని లేదు. ఖర్చు రూపాయల్లో ఉంటే పొదుపు రూపాయల్లో ఉండటంలో తప్పు లేదు. ఖర్చు డాలర్లలో ఉంటే, ముఖ్యంగా పిల్లల కాలేజీ ఫీజులు అక్కడే కట్టాల్సి ఉంటే, సున్నా టీడీఎస్ చూసి రూపాయిలోకి రావడం తొందరపాటు.

మూడోది డబ్బును తిరిగి బయటకు తీసుకెళ్లే స్వేచ్ఛ. నాలుగోది కాగితాల పని, అది ఏటా చేయాల్సిందా ఒక్కసారితో పోయేదా అన్నది. ఐదోది, ఇండియాకు తిరిగి వచ్చేసే ఆలోచన ఉంటే, వచ్చిన రోజు నుంచి ఆ రాయితీ ఏమవుతుందన్నది. ఈ ఐదో ప్రశ్న దగ్గరే పెద్ద మొత్తాలు దెబ్బతినడం నేను ఎక్కువగా చూశాను.

ఎన్‌ఆర్‌ఈ రూపాయి డిపాజిట్

విదేశంలో సంపాదించి పంపిన సొమ్మును రూపాయల్లోకి మార్చి వేసుకునే ఖాతా ఇది. వడ్డీకి భారత్‌లో పన్ను లేదు, కోత లేదు, దాని కోసం ప్రత్యేకంగా ఏ కాగితమూ ఇవ్వనక్కర్లేదు. అసలు, వడ్డీ రెండూ పరిమితి లేకుండా బయటకు తీసుకెళ్లవచ్చు. కనీసం ఏడాది ఉంచాలి, అంతకు ముందే తీస్తే వడ్డీ రాదు.

లోపాలు రెండు. మొదటిది పైన చెప్పిన రూపాయి మారకపు నష్టం, అది పూర్తిగా డిపాజిటరుదే. రెండోది తిరిగి వచ్చినప్పుడు వచ్చే చిక్కు. ఈ మినహాయింపు ఆదాయపు పన్ను చట్టం ప్రకారం లెక్కించే రోజుల మీద కాక, విదేశీ మారక నిర్వహణ చట్టం ప్రకారం మీరు విదేశీ నివాసిగా ఉన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఉద్యోగం మానేసి స్థిరపడే ఉద్దేశంతో శంషాబాద్‌లో దిగిన రోజు నుంచే మీరు ఆ చట్టం దృష్టిలో భారత నివాసి. బ్యాంకుకు చెప్పి ఖాతాను రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి. ఒప్పుకున్న వడ్డీ గడువు వరకు వస్తుంది గానీ ఆనాటి నుంచి దానికి పన్ను పడుతుంది. చెప్పకుండా రెండు మూడేళ్లు అలాగే నడిపినవారికి తర్వాత పన్ను, దానిపై వడ్డీ, మారక చట్టం కింద ఇబ్బంది అన్నీ కలిసి వస్తాయి.

ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్

డాలరు, పౌండు, యూరో వంటి కరెన్సీలోనే ఏడాది నుంచి ఐదేళ్ల గడువుకు ఉంచే డిపాజిట్ ఇది. మారకపు నష్టం బ్యాంకు వ్యవహారం, మీది కాదు. వడ్డీపై భారత్‌లో పన్ను లేదు. ఈ ఖాతా దేశానికి ఎంత అవసరమో 2013లో కనిపించింది. ఆ ఏడాది ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటినప్పుడు, రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ప్రత్యేక మారకపు వెసులుబాటు ఇచ్చి, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ల ద్వారానే సుమారు 2,600 కోట్ల డాలర్లు రప్పించింది. కష్టకాలంలో పిలిచిన డబ్బు కాబట్టి ఈ మినహాయింపును ప్రభుత్వం తేలిగ్గా తీసేయదన్నది నా అభిప్రాయం.

దీని అసలు బలం తిరిగి వచ్చేవారికి తెలుస్తుంది. దేశానికి వచ్చాక కూడా డిపాజిట్‌ను గడువు తీరేవరకు ఉంచుకోవచ్చు. వడ్డీ మినహాయింపు ప్రవాసులకే కాక, ఆదాయపు పన్ను చట్టంలో ‘నివాసి, కానీ సాధారణ నివాసి కాదు’ అన్న మధ్యస్థ హోదా ఉన్నవారికి కూడా వర్తిస్తుంది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారికి, లేదా గత ఏడేళ్లలో భారత్‌లో గడిపిన రోజులు 729 మించనివారికి ఈ హోదా దక్కుతుంది. దీర్ఘకాలం బయట ఉండి వచ్చినవారికి ఇది సాధారణంగా రెండేళ్లు, కొన్నిసార్లు మూడేళ్లు నడుస్తుంది. బయలుదేరే ముందు డబ్బును ఎన్‌ఆర్‌ఈ నుంచి ఎఫ్‌సీఎన్‌ఆర్‌లోకి మార్చుకున్నవారికి ఆ కాలమంతా వడ్డీ పన్ను లేకుండా వస్తుంది.

బలహీనత వడ్డీ రేటు. రిజర్వు బ్యాంకు గరిష్ఠ పరిమితి పెడుతుంది కనుక బ్యాంకులు దానికి లోబడే ఇస్తాయి. అమెరికాలోనే మంచి సీడీ (అక్కడి బ్యాంకుల గడువు డిపాజిట్) దొరికే రోజుల్లో అక్కడి నివాసికి ఇది ఆకర్షణీయం కాకపోవచ్చు.

గిఫ్ట్ సిటీ డిపాజిట్

అహ్మదాబాద్, గాంధీనగర్ల మధ్య ఉన్న గిఫ్ట్ సిటీలోని అంతర్జాతీయ ఆర్థిక సేవల కేంద్రం 2015లో పని ప్రారంభించింది. దానికంటూ 2019లో చట్టం, 2020 ఏప్రిల్‌లో ప్రత్యేక నియంత్రణ సంస్థ వచ్చాయి. విదేశీ మారక చట్టం దృష్టిలో ఇది దేశం బయట ఉన్నట్టే. సింగపూర్‌కు, దుబాయ్‌కు వెళ్తున్న ఆర్థిక సేవల వ్యాపారాన్ని మన గడ్డ మీదకు తేవాలన్న ఉద్దేశంతో, 2019 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడి సంస్థలు ప్రవాసుల నుంచి తీసుకునే సొమ్ముకు చెల్లించే వడ్డీపై భారత్‌లో పన్ను తీసేశారు. మన పెద్ద బ్యాంకులకు ఇక్కడ శాఖలున్నాయి.

ఎఫ్‌సీఎన్‌ఆర్‌తో పోలిస్తే ఇక్కడి సౌలభ్యం గడువులో ఉంది. ఏడాది లోపు కాలానికి కూడా వడ్డీతో డాలర్లు ఉంచవచ్చు. ఇల్లు అమ్మి మరో ఇల్లు కొనే లోపు నాలుగైదు నెలలు డబ్బు నిలిపి ఉంచాల్సినవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మామూలు శాఖల్లోని డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు ఐదు లక్షల రూపాయల వరకు బీమా ఉంటుంది. గిఫ్ట్ సిటీ శాఖలో అది మీ డిపాజిట్‌కు వర్తిస్తుందా అని ఖాతా తెరిచే ముందే రాతపూర్వకంగా అడగాలి. అంతకంటే ముఖ్యమైనది, ఈ మినహాయింపు ‘ప్రవాసి’కి మాత్రమే. తిరిగి వచ్చి మధ్యస్థ హోదాలో ఉన్నవారు పన్ను చట్టం దృష్టిలో నివాసులే కాబట్టి, ఎఫ్‌సీఎన్‌ఆర్‌లో దక్కే ఆ రెండేళ్ల వెసులుబాటు ఇక్కడ దక్కదు. ప్రకటనల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి చూపిస్తారు, కానీ తేడా చిన్నది కాదు.

ఇక్కడి నుంచి నడిచే ఫండ్ల గురించి కూడా ప్రచారం జోరుగా ఉంది. అమెరికా పన్ను నివాసులు మాత్రం భారత మ్యూచువల్ ఫండ్లైనా, గిఫ్ట్ సిటీ ఫండ్లైనా, అక్కడి చట్టం విదేశీ ఫండ్ల మీద విధించే కఠిన నిబంధనల గురించి తమ ఆడిటరుతో మాట్లాడకుండా వాటిని ముట్టుకోకూడదు.

ఒప్పందం అండతో ఎన్‌ఆర్‌ఓ

ఎన్‌ఆర్‌ఓ చాలామందికి ఎంపిక కాదు, తప్పనిసరి. ఇంటి అద్దె, పొలం కౌలు, పింఛను, తండ్రి ఆస్తిలో వాటా అన్నీ ఇందులోకే రావాలి. అద్దె, పింఛను, వడ్డీ వంటి ఏటా వచ్చే ఆదాయాన్ని పన్నులు కట్టాక పరిమితి లేకుండా బయటకు పంపవచ్చు గానీ, ఆస్తి వాటా వంటి అసలు సొమ్మును ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకే పంపవచ్చు. కాబట్టి ఇక్కడ అడగాల్సింది 31.2 శాతాన్ని ఎంతకు దించుకోవచ్చు అని.

ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందాల్లో వ్యక్తుల వడ్డీపై గరిష్ఠ రేటు అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లకు 15 శాతం, యూఏఈకి 12.5 శాతం, జర్మనీ, ఖతర్, కువైట్, సౌదీ అరేబియా, ఒమన్‌లకు 10 శాతం. ఈ రేటు మీద సర్‌చార్జి, సెస్సు కలపరు. దీన్ని పొందాలంటే మీరు నివసించే దేశపు పన్ను శాఖ ఇచ్చే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్, పాత చట్టంలో ఫారం 10ఎఫ్‌గా అందరికీ తెలిసిన స్వీయ ప్రకటన, పాన్ వివరాలు బ్యాంకుకు ఏటా ఇవ్వాలి.

ఏటా అన్న మాటే ఇందులో కష్టం. అమెరికాలో ఉన్నవారు 8802 దరఖాస్తు పెట్టి 6166 సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. అది జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్క, మన బ్యాంకుది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. మధ్యలో రెండు సర్టిఫికెట్లు అవసరమవుతాయి. దోహాలో ఉండే మా బావగారు ఒకసారి సర్టిఫికెట్ చేతికొచ్చాక తీరిగ్గా జూలైలో బ్యాంకుకు పంపారు. జూన్ 30న మూడు నెలల వడ్డీ మీద 31.2 శాతం అప్పటికే పోయింది. కోసిన పన్ను ప్రభుత్వానికి చేరాక బ్యాంకు తిరిగి ఇవ్వలేదు, రిటర్ను వేసి రీఫండ్ తెచ్చుకోవడమే మార్గం. ఆయన పేరున కోసిన పన్నుల వివరాలుండే 26ఏఎస్ పత్రంలో ఆ ఒక్క వరుస మిగతావాటికంటే మూడు రెట్లు పెద్దగా కనిపిస్తూ ఉండేది. ఆ తర్వాత నుంచి మార్చి నెలలోనే కాగితాలు సిద్ధం చేసుకోవడం ఆయనకు అలవాటైంది.

ఇంకో ముఖ్యమైన విషయం చెప్పాలి. టీడీఎస్ అన్నది తుది పన్ను కాదు. ప్రవాసికి కూడా కొత్త విధానంలో 2025-26 నుంచి నాలుగు లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదు. మొదట్లో చెప్పిన మూడు లక్షల వడ్డీ తప్ప భారత్‌లో మరే ఆదాయమూ లేని వ్యక్తి రిటర్ను వేస్తే ఆ 93,600 రూపాయలూ వెనక్కి వస్తాయి. సర్టిఫికెట్ తెచ్చి యూఏఈ రేటు వర్తింపజేసుకున్నా 37,500 కోత పడేది, దానికీ రిటర్ను వేయాల్సిందే. ఆదాయం పన్ను పరిమితి లోపే కాబట్టి కోత వద్దని నివాసులు ఇచ్చే పత్రాలు, పాత చట్టంలో 15జీ, 15హెచ్‌గా తెలిసినవి, ప్రవాసులకు చెల్లవు గనుక ఇలాంటివారికి ఆదాయపు పన్ను అధికారి నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకునే మార్గం ఉంది. పైసా పైసా కూడబెట్టిన గల్ఫ్ కార్మికులు ఎందరో ఈ రీఫండ్ సంగతే తెలియక ఏళ్ల తరబడి వదిలేసుకుంటున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అమెరికా, బ్రిటన్ నివాసులు ఇంకొకటి గమనించాలి. ఒప్పందం ప్రకారం 15 శాతమే కట్టాల్సిన చోట అశ్రద్ధ వల్ల 31.2 శాతం కట్టించుకుంటే, అక్కడి ప్రభుత్వాలు 15 శాతానికే మినహాయింపు ఇస్తాయి. ఎక్కువ కట్టినదాన్ని భారత్ నుంచే రాబట్టుకోమంటాయి.

ఒక చూపులో

| చూడవలసినది | ఎన్‌ఆర్‌ఈ | ఎఫ్‌సీఎన్‌ఆర్ | గిఫ్ట్ సిటీ | ఒప్పందంతో ఎన్‌ఆర్‌ఓ |
|---|---|---|---|---|
| భారత్‌లో కోత | లేదు | లేదు | లేదు | 10 నుంచి 15 శాతం |
| కరెన్సీ | రూపాయి | విదేశీ | విదేశీ | రూపాయి |
| కనీస గడువు | ఏడాది | ఏడాది | ఏడాది లోపు కూడా | ఏడాది లోపు కూడా |
| బయటకు పంపడం | పరిమితి లేదు | పరిమితి లేదు | పరిమితి లేదు | అసలు సొమ్ము ఏటా 10 లక్షల డాలర్ల వరకు |
| కోత తగ్గడానికి ఏటా కాగితాలు | అక్కర్లేదు | అక్కర్లేదు | ప్రవాస హోదా రుజువు | తప్పనిసరి |
| తిరిగి వచ్చాక మినహాయింపు | వెంటనే ఆగుతుంది | మధ్యస్థ హోదా ఉన్నంతవరకు | నివాసి కాగానే ఆగుతుంది | వర్తించదు |

ఎవరికి ఏది

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి భారత్ ఇచ్చే మినహాయింపు పూర్తిగా తమదే. వీరిలో ఎక్కువమంది ఖర్చులు, ఇల్లు, పెళ్లిళ్లు అన్నీ ఇక్కడే కాబట్టి ఎన్‌ఆర్‌ఈ రూపాయి డిపాజిటే సహజమైన ఎంపిక. జీతం నుంచి పంపే డబ్బు పొరపాటున కూడా ఎన్‌ఆర్‌ఓలో పడకుండా చూసుకోవాలి. ఒకసారి అందులో కలిసిన సొమ్మును ఎన్‌ఆర్‌ఈలోకి మార్చడం పది లక్షల డాలర్ల పరిమితిలోకి వస్తుంది, కాగితాలు కావాలి. భారత్‌లో అద్దెలు, వ్యాపారం కలిపి ఏటా 15 లక్షలు దాటే ఆదాయం ఉన్న భారత పౌరులు, పన్ను లేని దేశంలో ఉన్నందువల్ల చట్టం తమను నివాసిగా భావించే అవకాశం ఉందని తెలుసుకోవాలి. అలా భావిస్తే దక్కేది మధ్యస్థ హోదా, దానితో ఎఫ్‌సీఎన్‌ఆర్ మినహాయింపు నిలుస్తుంది గానీ గిఫ్ట్ సిటీది నిలవదు.

అమెరికాలో ఉన్నవారు, గ్రీన్‌కార్డు ఉండి మరెక్కడ ఉన్నా సరే, టీడీఎస్‌ను ఆధారం చేసుకుని నిర్ణయం తీసుకోవద్దు. అక్కడి పన్ను పోయాక మిగిలే డాలరు రాబడిని అక్కడి బ్యాంకు ఇచ్చేదానితో పోల్చి, రూపాయి మారకపు నష్టాన్ని తీసేసి చూసుకోవాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీ భారత్‌లో పన్ను లేనిది కాబట్టి అక్కడ చూపనక్కర్లేదనే మాట చాలామంది నోట వింటాం. అది పూర్తిగా తప్పు. విదేశీ ఖాతాలన్నింటిలో కలిపి సంవత్సరంలో ఏ రోజైనా పది వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక కూడా దాఖలు చేయాలి, ఎన్‌ఆర్‌ఓ, గిఫ్ట్ సిటీ ఖాతాలూ అందులోకే వస్తాయి.

బ్రిటన్‌కు కొత్తగా వెళ్లినవారి పరిస్థితి వేరు. 2025 ఏప్రిల్ 6 నుంచి అక్కడికి తెచ్చుకున్న విదేశీ ఆదాయానికే పన్ను కట్టే పాత రెమిటెన్స్ విధానం పోయి, అంతకు ముందు పదేళ్లు వరుసగా అక్కడి పన్ను నివాసులు కానివారికి మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయంపై మినహాయింపు కోరుకునే వెసులుబాటు వచ్చింది. ఆ నాలుగేళ్లలో ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్, గిఫ్ట్ సిటీ వడ్డీలకు రెండు వైపులా పన్ను తప్పుతుంది. దానికి బదులుగా అక్కడి వ్యక్తిగత మినహాయింపును వదులుకోవాలి కాబట్టి, వడ్డీ తక్కువగా ఉన్నవారికి అది గిట్టుబాటు కాదు. తాత్కాలిక వీసాపై ఆస్ట్రేలియాలో ఉన్నవారిలో ఎక్కువమందికి కూడా విదేశీ పెట్టుబడి ఆదాయంపై అక్కడ పన్ను ఉండదు. సింగపూర్‌లో వ్యక్తులు బయటినుంచి పొందే ఆదాయానికి పన్ను లేదు. ఈ మూడు వర్గాలవారికీ భారత మినహాయింపు విలువ గల్ఫ్‌లో ఉన్నవారికి ఉన్నంత ఉంటుంది, కానీ ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం వచ్చిన రోజు, బ్రిటన్‌లో నాలుగేళ్లు నిండిన రోజు లెక్క తిరగబడుతుంది. డిపాజిట్ గడువును ఆ తేదీకి ముందే తీరేలా పెట్టుకోవడం మంచిది.

రెండేళ్లలో తిరిగి వచ్చేద్దామనుకునేవారికి నా సలహా ఎఫ్‌సీఎన్‌ఆర్, అదీ బయలుదేరే ముందే, వీలైనంత దీర్ఘ గడువుకు. వడ్డీ రేటు అర శాతం తక్కువైనా సరే. వచ్చాక తెరవడం కుదరదు. గడువు తీరాక ఆ డాలర్లను రెసిడెంట్ విదేశీ కరెన్సీ ఖాతాలోకి మార్చుకుంటే, మధ్యస్థ హోదా ఉన్నంతవరకు అక్కడా వడ్డీకి పన్ను ఉండదు.

ఎన్‌ఆర్‌ఓలో తప్పనిసరిగా డబ్బు ఉన్నవారు ఏ దేశంలో ఉన్నా, మార్చి చివరి వారంలోగా సర్టిఫికెట్, స్వీయ ప్రకటన సిద్ధం చేసి, ఏప్రిల్ మొదటి వారంలో బ్యాంకుకు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. జూన్ 30 నాటి వడ్డీ జమ కాగానే కోత ఏ రేటుతో పడిందో చూసుకోవాలి. తప్పు కనిపిస్తే వెంటనే బ్యాంకుకు రాయాలి, ఎందుకంటే ఆ త్రైమాసికపు టీడీఎస్ వివరాలు బ్యాంకు దాఖలు చేసేలోగా అయితే సరిదిద్దే అవకాశం కొంతైనా ఉంటుంది.